ఘానా మాస్టారి పెట్టె

హ్యూస్టన్‌లో మా అబ్బాయి ఇంటికి దగ్గరలో ఒక నైజీరియా వాళ్ళ కొట్టు ఉంది. కూర అరటికాయలు చౌకగా దొరుకుతాయని మొన్న నన్ను తీసుకెళ్ళాడు. తలుపు తీయగానే ఎండుచేప వాసన గుప్పుమంది. మన రేవుల్లో ఆరబెట్టే ఎండుచేప కాదు, నార్వే నుంచి వచ్చే కాడ్ చేప. మంచుగాలికి ఎండి కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది, రంపంతో కోయాల్సిందే. దాని వెనకే ఎర్ర పామాయిలు వాసన. మా అబ్బాయి ముక్కు మూసుకుని అరటికాయల వైపు పరుగెత్తాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయి ఊపిరి నిండా పీల్చుకున్నాను.

కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నవ్వింది.

"అంకుల్, మీరు మా దేశంలో పాఠాలు చెప్పారు కదా?"

"నీకెలా తెలుసు?"

"ఈ వాసనకు పారిపోని ఇండియా వాళ్ళు మాస్టార్లే. మా నాన్నకు లెక్కలు నేర్పింది మీవాళ్ళే. మీవాళ్ళ చేతి దెబ్బలు కూడా తిన్నారట."

బెత్తం సంగతి వదిలేద్దాం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గుర్తుకొచ్చినవి గుర్తుకొచ్చినట్టే రాస్తున్నాను, వరస కుదరకపోతే ఏమీ అనుకోకండి.

* * *

మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరు. ఆవిరి ఇంజన్ల పొగలో పెరిగాను. లెక్కల్లో డిగ్రీ, తర్వాత బి.ఇడి. చదివి ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజుల్లో నైజీరియాకు మాస్టార్లు కావాలన్న ప్రకటన పేపర్లో పడింది. అప్పట్లో ఆ దేశానికి చమురు డబ్బు వరదలా వచ్చింది. 1976లో పిల్లలందరికీ ఉచిత ప్రాథమిక విద్య అని ప్రకటించారు. బడులు వందలకొద్దీ వెలిశాయి, చెప్పేవాళ్ళు చాల్లేదు. మన దేశం నుంచీ, ఘానా నుంచీ మాస్టార్లు కాంట్రాక్టు మీద బయలుదేరారు. అమ్మ ఒక డబ్బా ఆవకాయ, ఒక డబ్బా గోంగూర కట్టి ఇచ్చింది. మొదటిది లేగోస్ విమానాశ్రయంలోనే పగిలింది.

మా బడి దేశానికి తూర్పున, ఇగ్బో జాతివాళ్ళ నేల మీద, ఒనిచా నుంచి లోపలికి వెళ్ళే దారిలో ఉంది. నైజర్ నది మీద పొడవైన ఇనుప వంతెన దాటితే ఒనిచా. అక్కణ్ణించి అంతా ఎర్రమట్టి. బట్టలు, గోడలు, మేకలు, పిల్లల మోకాళ్ళు అన్నీ అదే రంగు. డిసెంబరు, జనవరిల్లో సహారా నుంచి హర్మాటన్ అనే పొడిగాలి వీచేది. సూర్యుడు పదిన్నరకి కూడా మసకగా ఉండేవాడు. పెదవులు చిట్లేవి, బల్ల మీద చెక్క పేటుమని పగిలేది.

బడి గంట అంటే చెట్టుకు వేలాడదీసిన లారీ చక్రపు రిమ్ము. దాన్ని ఇనుప కడ్డీతో కొట్టే కుర్రాడికి బడిలో అందరికన్నా ఎక్కువ పరపతి. పొద్దున్నే పిల్లలు తాటాకు ఈనెలలాంటి చీపుళ్ళతో ఆవరణ ఊడ్చేవాళ్ళు, ఆ సరసర శబ్దానికే మాకు మెలకువ. శనివారం అందరూ వరసగా వంగి పొడుగాటి కత్తులతో గడ్డి కోసేవాళ్ళు. సాయంత్రం అయ్యేసరికి ఊరంతా రోకళ్ళ చప్పుడు. మన పెండలం జాతి దుంపే వాళ్ళ యామ్. ఉడికించి రోట్లో వేసి, సాగేదాకా దంచుతారు. ఒక ఇంట్లో మొదలై పక్కింటికి, ఆ పక్కింటికి పాకి, ఏడింటికల్లా ఊరు మొత్తం ఒకే తాళంలో దంచుతున్నట్టు ఉండేది. తర్వాత కరెంటు పోయేది. పోవడమే లెక్క, ఉండటం పండగ.

కరెంటు లేని ఆ సాయంత్రాలే నన్ను చదివేవాణ్ణి చేశాయి. అంతవరకూ నేను చదివింది లెక్కల పుస్తకాలు, వారపత్రికల్లో సీరియళ్ళు.

* * *

మా క్వార్టర్స్ వరసలో పక్కిల్లు ఇంగ్లీషు మాస్టారిది. ఆయన ఘానా వాడు, కుమాసీ దగ్గరి వాడు. ఒంటరి మనిషి. చొక్కా ఎప్పుడూ ఇస్త్రీతోనే ఉండేది, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆయనకు ప్రాణం. ముందు గదిలో ఇటుకల మీద పలకలు పేర్చి అలమర చేసుకున్నాడు. దాని నిండా నారింజరంగు అట్టల సన్నటి పుస్తకాలు. అన్నీ ఒకే సైజు. వెనక అట్ట మీద రచయిత ఫోటో. హైన్‌మన్ కంపెనీ 1962లో మొదలుపెట్టిన ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్ అది. మొదటి పదేళ్ళు దానికి సంపాదకుడు చినువా అచెబె.

"ఆ ఫోటోలు చూడు. మా చిన్నప్పుడు పుస్తకం రాసినవాడంటే చచ్చిపోయిన తెల్లవాడని అనుకునేవాళ్ళం. వీళ్ళేమో నల్లవాళ్ళు, పైగా బతికున్నారు!" అనేవాడు ఆయన.

ఒకరోజు ఆయనకు మలేరియా. నాలుగో ఫారం ఇంగ్లీషు పీరియడ్ నా నెత్తిన పడింది. అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' వాళ్ళకు పరీక్ష పుస్తకం. నేను ఒక్క పేజీ చదవలేదు. వాళ్ళనే చదవమని, మాట్లాడుకోమని చెప్పి కూర్చున్నాను. పది నిమిషాల్లో క్లాసు రణరంగమైంది.

గొడవంతా ఇకెమెఫునా గురించి. ఉముఓఫియా అనే ఊరి స్త్రీని పక్క ఊరివాళ్ళు చంపినందుకు పరిహారంగా ఆ ఊరికి వచ్చిన పిల్లవాడు ఇకెమెఫునా. మూడేళ్ళు కథానాయకుడు ఒకోంక్వో ఇంట్లో పెరిగి, అతన్ని నాన్నా అని పిలుస్తాడు. చివరికి కొండదేవర వాక్కు ప్రకారం వాణ్ణి అడవిలోకి తీసుకుపోయి చంపాలంటారు. ఊళ్ళో పెద్దాయన ఒకడు ముందే వచ్చి ఒకోంక్వోకు చెబుతాడు: ఆ పిల్లవాడు నిన్ను నాన్నా అంటున్నాడు, నువ్వు మాత్రం చెయ్యి వేయకు అని. అయినా మొదటి దెబ్బ తగిలి పిల్లవాడు తన వైపే పరుగెత్తుకొస్తుంటే ఒకోంక్వో కత్తి ఎత్తుతాడు. పిరికివాడని ఎవరైనా అంటారేమోనన్న భయం.

"దేవత మాట కాదంటే ఊరు ఊరుకుంటుందా సార్?" అని ఒకడు లేచాడు. "దేవత వాణ్ణి చంపమంది కానీ ఇతన్నే చంపమనలేదు" అని వెనక బెంచీవాడు. "మా తాత అయితే చంపేవాడే" అన్నాడు మూడోవాడు, గర్వంతోనో సిగ్గుతోనో నాకు తెలియలేదు. ఆ మాటకు ఒక్కసారిగా క్లాసు సద్దుమణిగింది. అక్కడున్న ప్రతివాడికీ ఒక తాత ఉన్నాడు, ఆ తాతకు ఆ కాలం తెలుసు.

నేను చదివిన పాఠ్యపుస్తకాల్లోని నవలల మీద ఎవరూ ఇలా కొట్టుకోలేదు. డఫోడిల్ పువ్వు రంగు గురించి మా బిట్రగుంట బడిలో ఎవడు దెబ్బలాడతాడు? ఆ రాత్రి లాంతరు ముందు పెట్టుకుని పుస్తకం మొదలుపెట్టాను. కిరసనాయిలు రెండుసార్లు పోయాల్సి వచ్చింది.

* * *

మలేరియా తగ్గాక ఇంగ్లీషు మాస్టారు ఆ పుస్తకం పుట్టుక కథ చెప్పాడు. అచెబె అప్పట్లో లేగోస్‌లో రేడియో ఉద్యోగి. చేత్తో రాసిన ప్రతి ఒక్కటే ఉంది, నకలు లేదు. టైపు చేయించడానికి దాన్ని పోస్టులో లండన్‌లోని ఒక టైపింగ్ సంస్థకు పంపాడు. వాళ్ళు అడిగిన డబ్బు కట్టాడు. తర్వాత నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదు. ఆయన సన్నబడిపోయాడు. చివరికి రేడియోలో ఆయన పై అధికారిణి ఏంజెలా బీటీ సెలవు మీద లండన్ వెళ్తూ తానే ఆ ఆఫీసుకు పోయి నిలదీసింది. రాతప్రతి ఒక మూల దుమ్ములో పడి ఉంది. అప్పుడు గానీ టైపు కాలేదు. 1958లో రెండు వేల కాపీలు వేశారు. తర్వాత సంగతి అందరికీ తెలుసు, లక్షలు కాదు కోట్లు.

"ఆ మేడమ్ సెలవు ఇంకో వైపు గడిపి ఉంటే నువ్వూ నేనూ ఇవాళ ఏం మాట్లాడుకునేవాళ్ళం?" అని అడిగాడు. "క్రికెట్" అన్నాను. ఆయనకు క్రికెట్ అంటే మహా అసహ్యం.

అచెబె సొంత ఊరు ఒగిడి మాకు దగ్గరే. ఒనిచా సంతకు వెళ్ళేటప్పుడు లారీ ఆ ఊరి మీదుగానే పోయేది. మొదటిసారి తల బయటికి పెట్టి చూశాను. తగరపు రేకుల ఇళ్ళు, ఒక చర్చి, వీధి కుళాయి దగ్గర బిందెలతో ఆడపిల్లలు. అచెబె తండ్రి చర్చి ప్రచారకుడు. కొడుక్కి విక్టోరియా రాణి భర్త పేరు కలిపి ఆల్బర్ట్ చినువాలుమోగు అని పెట్టాడు. కొడుకు కాలేజీకి వెళ్ళాక ఆల్బర్ట్‌ని వదిలేసుకున్నాడు.

* * *

ఊళ్ళో ఒక ముసలాయన ఉండేవాడు. చర్చిలో పనిచేసి రిటైరైనవాడు. మనవడు నా దగ్గర లెక్కలు చెప్పించుకునేవాడు కాబట్టి ఆదివారాలు నన్ను పిలిచేవాడు. వెళ్ళగానే కోలా గింజ. అది మనకు తాంబూలం లాంటిదే. అది ఇచ్చి పుచ్చుకోనిదే మాట మొదలు కాదు. గింజ చేతిలో పట్టుకుని పితృదేవతలకూ క్రీస్తుకూ కలిపి ఇగ్బోలో ప్రార్థన చేసేవాడు. నాతో ఇంగ్లీషులో మాట్లాడే మనిషి ప్రార్థన మాత్రం ఇగ్బోలో ఎందుకు చేస్తాడని అడిగితే, "కోలాకు ఇంగ్లీషు రాదు" అన్నాడు. ఇగ్బోలందరూ చెప్పే మాటే అది. నాకు అప్పుడు కొత్త.

నేను ఆ నవల చదివానని తెలిసి ఒక ఆదివారం నవ్వాడు.

"ఒకోంక్వో గొప్పవాడే, కాదనను. కుస్తీలో అమలింజేను పడగొట్టాడు, యామ్ గాదెలు నింపాడు. ఆ పుస్తకంలో మా తాత ఎక్కడున్నాడో కనిపించిందా నీకు?"

"ఎక్కడ?"

"చివరికొస్తుండగా, చర్చి తలుపు దగ్గర. జడలు కట్టిన జుట్టుతో."

నాకు వెంటనే తట్టలేదు. ఆ రాత్రి ఆ పేజీలు మళ్ళీ తిరగేశాను. దేవతకు అంకితమై, ఊరికి అంటరానివాళ్ళయిన ఒసూలు అక్కడ ఉన్నారు. ఊరివాళ్ళతో పెళ్ళి లేదు, సభలో చోటు లేదు, జుట్టు కత్తిరించుకునే హక్కు లేదు. కొత్త మతం వచ్చినప్పుడు ముందుగా లోపలికి అడుగుపెట్టిన వాళ్ళలో వాళ్ళున్నారు. చర్చిలో ఉన్న మిగతావాళ్ళే వాళ్ళను బయటికి పొమ్మంటే, అక్కడి బోధకుడు కియాగా వెనక్కి తగ్గకుండా ఆ జడలు గొరిగించుకోమని చెబుతాడు. ఊరు కూలిపోవడం చూసి నేను బాధపడిన పేజీల్లోనే ముసలాయన తాత మొదటిసారి మనిషయ్యాడు.

ముసలాయన అచెబెను తిట్టలేదు. "దాచకుండా రాశాడు, అది చాలు. కవల పిల్లలను అడవిలో వదిలేయడం కూడా రాశాడు. మా కుర్రవాళ్ళు మాత్రం కుస్తీ అధ్యాయం చదివి మిగతాది వదిలేస్తారు" అన్నాడు.

ఆయనే నాకు 'నో లాంగర్ ఎట్ ఈజ్' చదవమన్నాడు. ఒకోంక్వో మనవడు ఓబీ ఇంగ్లండులో చదివి వస్తాడు. క్లారా అనే నర్సును ప్రేమిస్తాడు. ఆమె ఒసూ. క్రైస్తవంలోకి వెళ్ళి పాత దేవతలన్నిటినీ వదిలేసిన తండ్రి కూడా ఈ ఒక్క దగ్గర ఆగిపోతాడు. తల్లి, నేను బతికుండగా ఆ పెళ్ళి చేసుకుంటే ప్రాణం తీసుకుంటానంటుంది. తూర్పు ప్రాంత చట్టసభ 1956లోనే ఒసూ వివక్షను నిషేధించింది. పుస్తకం వచ్చింది 1960లో. నేను ఆ ఊళ్ళో ఉన్న కాలంలో కూడా ముసలాయన పెద్ద కూతురికి సంబంధాలు ఎందుకు తప్పిపోతున్నాయో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఇదంతా ఆంధ్రదేశం నుంచి వచ్చినవాడికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఊరు వేరు, వాడ వేరు అన్నది నేను పుట్టిన నేల మీద కూడా ఉంది. రైల్వే కాలనీలో పెరగడం వల్ల అది మరీ దగ్గరగా చూడలేదంతే. చూడనక్కర్లేని చోట పెరిగాననడం సరైన మాట.

* * *

ఒనిచా సంత గురించి చెప్పకపోతే ఆ కాలం సగమే చెప్పినట్టు. బట్టలు, స్పేరు పార్టులు, మందులు, యామ్ గుట్టలు, అన్నింటికీ ఒక్కో వీధి. రేడియోలన్నీ ఒకేసారి మోగేవి. లారీల ముఖాల మీద రంగురంగుల రాతలు, 'ఏ స్థితీ శాశ్వతం కాదు' అని ఒకదాని మీద, దేవుడి మాట ఇంకోదాని మీద. ఒక మూల పాత పుస్తకాల బల్లలు. యుద్ధానికి ముందు ఒనిచాలో చిన్న చిన్న ప్రెస్సులు ఉండేవట. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, విద్యార్థులు పల్చటి పుస్తకాలు రాసి అచ్చు వేయించి సంతలో అమ్మేవాళ్ళు. ప్రేమలేఖ ఎలా రాయాలి, డబ్బు ఎలా సంపాదించాలి, ఆడవాళ్ళను ఎందుకు నమ్మకూడదు, ఇలాంటివి. నాకు దొరికిన ఒకటి రెండింట్లో అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి, బొమ్మలో అమ్మాయి ఎవరో సినిమా తార. మన రైల్వే స్టేషన్లలో అమ్మే పల్చటి పాటల పుస్తకాల వాసనే వాటికి.

ఆ ప్రెస్సులను యుద్ధం మింగేసింది. 1967 నుంచి 1970 జనవరి దాకా, బియాఫ్రా అని ఇగ్బోలు విడిపోదామనుకున్న దేశం కోసం. వెనక్కి తగ్గుతున్న సైన్యం నైజర్ వంతెనను పేల్చేసింది. సంత తగలబడిపోయింది. మేము వెళ్ళేసరికి అన్నీ మళ్ళీ కట్టారు. మా బడి గోడల్లో మాత్రం తూటా గుంటలు సున్నం కింద కనిపించేవి. నా మూడో ఫారం పిల్లలు ఆ ఆకలి కాలంలో పాకుతున్న పిల్లలు. తోబుట్టువులెందరని అడిగితే కొందరు రెండు సంఖ్యలు చెప్పేవాళ్ళు, పుట్టినవాళ్ళు ఇందరు, ఉన్నవాళ్ళు ఇందరు అని. ఆ కొట్టులో వాసన వేసిన ఎండుచేప కూడా యుద్ధంలో నార్వే చర్చిల సహాయంతో విమానాల్లో దిగిన తిండే. కమ్మగా వండుకుంటారు, యుద్ధం ఊసు మాత్రం ఎత్తరు.

ఆ విషయం మాట్లాడింది పుస్తకాలే. ఇంగ్లీషు మాస్టారి దగ్గర క్రిస్టఫర్ ఒకిగ్బో కవిత్వం ఉండేది. ఎనుగులో అచెబెతో కలిసి ప్రచురణ సంస్థ పెట్టి, పుస్తకాలు బయటకు రాకముందే తుపాకీ పట్టుకుని పోయి 1967లోనే చనిపోయాడు. నాకు ఆ కవితలు సగం అర్థం కాలేదు. ఇప్పటికీ అంతే. బడిలో జీవశాస్త్రం చెప్పే ఆయన మాత్రం ఒక రాత్రి తాటికల్లు సీసా ముందు కూర్చుని మొత్తం ఒక కవిత అప్పజెప్పి, లేచి, ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

* * *

మా ఆవిడ రెండో ఏడు వచ్చింది. పప్పులు దొరక్క మొదటి వారం ఏడుపు ముఖం. ఒక సాయంత్రం పక్క వీధి టీచరమ్మ అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ వేసి ఎర్ర నూనెలో వేయించిన అకరా తెచ్చి పెట్టింది. మా ఆవిడ ఒకటి విరిచి చూసి, "ఏమండీ, ఇవి మన బొబ్బర్ల వడలు!" అంది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఒక జట్టు. అల్లం, కరివేపాకు లేని లోటు మా ఆవిడ పచ్చిమిరపతో తీర్చింది. టీచరమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ తిన్నది.

టీచరమ్మది ఒగూటా సరస్సు దగ్గరి ఊరు. "మా ఊరి ఆడదాని పుస్తకం" అని ఫ్లోరా న్వాపా రాసిన 'ఎఫురు' తెచ్చిచ్చింది. 1966లో వచ్చింది, ఆ నారింజ అట్టల వరసలో చోటు దొరికిన మొదటి స్త్రీ ఆమే. మా ఆవిడకు ఇంగ్లీషు నవల చదవడం అదే మొదలు. రోజుకు నాలుగు పేజీలు, మధ్యాహ్నం వంట అయ్యాక. అర్థం కానిచోట టీచరమ్మను అడిగేది, నన్ను కాదు. "మీరు మధ్యలో కథ ముందే చెప్పేస్తారు" అని.

ఎఫురు వ్యాపారం చేసే స్త్రీ. చేపలు, యామ్, ఏది పట్టుకున్నా లాభం. ఇద్దరు భర్తలూ నిలవరు. కన్న ఒక్క బిడ్డా పోతుంది. చివరికి సరస్సు దేవత ఉహామిరి ఆమెను తన భక్తురాలిగా ఎంచుకుంటుంది. ఆ దేవతకు అందం ఉంది, సంపద ఉంది, పిల్లలు లేరు. మరి ఆడవాళ్ళు ఆమెను ఎందుకు కొలుస్తారు అన్న ప్రశ్నతో పుస్తకం ముగుస్తుంది. మాకప్పటికి పిల్లలు లేరు. మా ఆవిడ ఆ పుస్తకం ముగించిన రోజు నాతో ఏమీ అనలేదు. టీచరమ్మ ఇంటికి వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చింది. తర్వాత ఒక రోజు తాపీగా అంది: "మీ అచెబె మగవాళ్ళు ఊరి మధ్యలో ఏం మాట్లాడుకున్నారో రాశాడు. ఈమె పెరట్లో ఆడవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో రాసింది. ఊరు నడిచేది పెరట్లోనే కదా." నేను ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు.

* * *

నాకు మాత్రం బాగా తగిలిన పుస్తకం నైజీరియాది కాదు, సెనెగల్‌ది. సెంబేన్ ఉస్మాన్ ఫ్రెంచిలో రాసిన 'గాడ్స్ బిట్స్ ఆఫ్ వుడ్'. డాకార్ నుంచి నైజర్ నది దాకా వేసిన రైలు మార్గంలో 1947-48లో జరిగిన సమ్మె కథ. నెలల తరబడి జీతాల్లేవు. నీళ్ళు ఆపేస్తారు, కొట్లలో అప్పు ఆపేస్తారు. మగవాళ్ళు సమావేశాల్లో ఉంటారు, పొయ్యి బాధ ఆడవాళ్ళది. అందులో రామతులాయె అనే పెద్దామె ఉంటుంది. ఊళ్ళో డబ్బున్న ఆమె అన్న బాగా మేపిన పొట్టేలు ఒకటి ఇంట్లో జొరబడి పిల్లల కోసం దాచిన బియ్యం తినేస్తుంది. ఆమె కత్తి తీసుకుని ఆ పొట్టేలును కోసి, మాంసం వీధివాళ్ళందరికీ పంచుతుంది. పోలీసులు వస్తారు. ఆడవాళ్ళు ఇసుక నింపిన సీసాలతో నిలబడతారు.

1974 మే నెల సమ్మెలో మా నాన్న ఉన్నాడు. లోకో షెడ్డులో ఇంజన్ల చప్పుడు ఆగిపోవడం నేను ఆ ఇరవై రోజుల్లోనే విన్నాను. ఎప్పుడూ ఉండే మోత లేకపోతే చెవులు గింగుర్లెత్తుతాయి. అమ్మ బియ్యం డబ్బా అడుగు గిద్దతో గోకేది. వీధిలో ఆడవాళ్ళు ఒకరింట్లో చింతపండు, ఒకరింట్లో ఉప్పు చేర్చి ఒకే పొయ్యి మీద వండేవాళ్ళు. నాన్న యూనియన్ గురించి ఎన్నో చెప్పాడు కానీ ఆ పొయ్యి గురించి ఎన్నడూ చెప్పలేదు. ఆ విషయం రాయాలని ఒకప్పుడు ఫ్రాన్సులో ఓడరేవు కూలీగా చేసిన సెనెగల్ మనిషికి తోచింది. ఆ పుస్తకం చదివి అమ్మకు ఎయిరోగ్రాం రాశాను. ఏం రాశానో ఆమెకు అర్థం కాలేదట. "అబ్బాయికి అక్కడ జ్వరం వచ్చినట్టుంది" అందట నాన్నతో.

ఇంగ్లీషు మాస్టారికి తన దేశపు నవల మీద ప్రేమ లేదు. అయీ క్వే ఆర్మా రాసిన 'ది బ్యూటిఫుల్ వన్స్ ఆర్ నాట్ యెట్ బార్న్'. లంచం ముట్టని ఒక రైల్వే గుమాస్తా కథ. ఆ పేరు ఒక బస్సు వెనక రాసి ఉంటుంది, అక్షరదోషంతో సహా. ఆఫీసు మెట్ల పక్కన చెక్క రెయిలింగు మీద తరాల చేతుల మురికి పేరుకుపోవడం గురించి ఒక పేజీ ఉంది. చదివాక నేను నెల రోజులు మా బడి మెట్ల రెయిలింగు ముట్టలేదు. "నిజమే రాశాడు, అదే నాకు కోపం" అనేవాడు మాస్టారు.

* * *

షార్ట్‌వేవ్ రేడియోలో బీబీసీ వినడం ఆయన రాత్రి అలవాటు. కెన్యాలో రచయిత గూగీని పట్టుకున్నారని, విచారణ లేకుండా జైల్లో పెట్టారని, ఏడాదికి వదిలారని ఆయన చెప్పగానే తెలుసుకున్నాను. 'పెటల్స్ ఆఫ్ బ్లడ్' ఇంగ్లీషులో వచ్చినప్పుడు ఎవరూ ఏమనలేదు. అదే ఏడు, 1977లో, సొంత ఊరి దగ్గర కమీరీథూలో రైతులూ కూలీలతో గికుయు భాషలో నాటకం వేయించాడు. ఏడాది చివర్లో పోలీసులు వచ్చారు. కమితి జైల్లో, ఖైదీలకిచ్చే మరుగుదొడ్డి కాగితం మీద గికుయులో నవల రాశాడు. అది ఇంగ్లీషులో 'డెవిల్ ఆన్ ద క్రాస్' అయింది.

ఇంటికొచ్చిన చాలా ఏళ్ళకు హైదరాబాదులో అదే నవల 'మట్టికాళ్ళ మహారాక్షసి' పేరుతో కనబడింది. జైల్లో రాసిన పుస్తకాన్ని వరవరరావు జైల్లోనే కూర్చుని తెలుగు చేశారు. గూగీ జైలు జ్ఞాపకాల 'బందీ' కూడా ఆయన చేసిందే. గూగీ బాల్య జ్ఞాపకాలను తర్వాత జి.ఎన్. సాయిబాబా తెలుగులోకి తెచ్చారు. 2025 మే 28న గూగీ పోయాడని తెలిసి, ఈ మాటలన్నీ ఎవరితోనైనా చెప్పుకోవాలని ఆ సాయంత్రం ఫోను తీశాను. వినేవాళ్ళెవరా అని ఆలోచిస్తే మా ఆవిడ తప్ప ఎవరూ తట్టలేదు.

* * *

1983 జనవరిలో, కాగితాల్లేని విదేశీయులంతా వెళ్ళిపోవాలని నైజీరియా ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. చమురు ధర పడిపోయింది, ఎవరో ఒకరి మీద నెపం పెట్టాలి. సుమారు పది లక్షల మంది ఘానా వాళ్ళు ఉన్నఫళంగా రోడ్డెక్కారు. గళ్ళగళ్ళ ప్లాస్టిక్ సంచుల్లో బతుకు కుక్కుకుని వెళ్ళారు. ఆ సంచులకు అప్పటి నుంచీ 'ఘానా మస్ట్ గో' అనే పేరు స్థిరపడిపోయింది. మా ఊళ్ళో తాపీ పనివాళ్ళు, కుట్టుపనివాళ్ళు, బూట్లు కుట్టేవాళ్ళు రాత్రికి రాత్రి లేరు. సగం కట్టిన గోడలు అలాగే మిగిలిపోయాయి.

ప్రభుత్వ ఉద్యోగులు ఉండవచ్చన్నారు. ఇంగ్లీషు మాస్టారు ఆ విద్యా సంవత్సరం పూర్తి చేశాడు. క్లాసులో ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా. సంతలో మాత్రం ఆయన ఇగ్బోలో బేరమాడటం మానేసి, వేలు చూపించి కొనేవాడు. చివరి పరీక్షల పేపర్లు దిద్ది ఇచ్చిన మర్నాడు నా గుమ్మం ముందు ఒక చెక్కపెట్టె దింపించాడు. అలమరలోని నారింజ అట్టలన్నీ అందులో ఉన్నాయి.

"బస్సులో సరిహద్దుల దగ్గర ప్రతిచోటా పెట్టె విప్పమంటారు. పుస్తకాలు చూస్తే ఇంకా అనుమానం. నీ దగ్గర ఉంచు" అన్నాడు.

"తర్వాత వచ్చి తీసుకుంటారా?"

"నువ్వు మా దేశం వచ్చి ఇవ్వు" అన్నాడు. ఇస్త్రీపెట్టె మాత్రం వెంట తీసుకెళ్ళాడు.

ఆ తర్వాత జీతాలు నెలలు దాటడం మొదలైంది, అక్కడి డబ్బు నైరా విలువ జారిపోయింది. ఒకరి వెనక ఒకరు మనవాళ్ళూ సర్దుకున్నారు. మా వంతు వచ్చినప్పుడు విమానం తూకం దగ్గర ఇంట్లో పెద్ద చర్చ. టూ ఇన్ వన్, ప్రెషర్ కుక్కర్, పింగాణీ డిన్నర్ సెట్టు ఒకవైపు, పెట్టె ఒకవైపు. డిన్నర్ సెట్టు టీచరమ్మకు ఇచ్చేసింది మా ఆవిడ. ఎవరూ అడగకుండానే.

ఆ పుస్తకాల్లో ఇప్పుడు సగం కూడా లేవు. 'యారో ఆఫ్ గాడ్' మా మేనల్లుడు తీసుకెళ్ళి ఇవ్వలేదు. నన్నడిగితే అచెబె రాసినవాటిలో అదే గొప్పది. జైలు నుంచి తిరిగొచ్చిన పూజారి ఎజెయులు నెలకొకటి చొప్పున తినాల్సిన పవిత్రమైన యామ్ దుంపలు మిగిలిపోయాయని కొత్త పంట పండగ ప్రకటించడు. ఊరంతా పొలంలో పంట కుళ్ళుతుంటే చూస్తూ కూర్చుంటుంది. పట్టుదలా, భక్తా, పగా అని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. 'థింగ్స్ ఫాల్ అపార్ట్' ఎందరు చదివారో దీన్ని అందులో పదోవంతు మంది చదవలేదేమో. మేనల్లుడూ చదివి ఉండడు, అందుకే వాడి మీద ఇంత కోపం. తెలుగులో 'చెదిరిన సమాజం' వచ్చాక మొదటి పుస్తకాన్ని ఎంతోమందికి కొనిచ్చాను, ఇది మాత్రం ఇవ్వడానికి లేదు.

మా ఆవిడ ఈ మాట ఒప్పుకోదు. ఆమెకు పెట్టెలో అట్టడుగున దొరికింది మరియామా బా రాసిన 'సో లాంగ్ ఎ లెటర్'. భర్త చనిపోయాక నాలుగు నెలల పది రోజుల మైలలో ఇంట్లో కూర్చున్న ఒక సెనెగల్ టీచరు తన స్నేహితురాలికి రాసే ఉత్తరం. ఆ భర్త పోయేముందు కూతురి స్నేహితురాలినే రెండో పెళ్ళి చేసుకుని ఉంటాడు. వంద పేజీలకు మించదు. 1980లో ఆఫ్రికా పుస్తకాలకిచ్చే తొలి నోమా బహుమతి దానికే వచ్చింది, మరుసటి ఏడు రచయిత్రి చనిపోయింది. మొన్న కొట్టు నుంచి వచ్చి ఈ పుస్తకాలన్నీ మళ్ళీ చదవాలని ఉందన్నాను.

"మీ మగవాళ్ళ పుస్తకాలు ఎన్నిసార్లయినా చదువుకోండి. నా రెండూ మాత్రం ముట్టుకోవద్దు, పేజీలు ఊడి వచ్చేశాయి" అంది, అరటికాయలు తరుగుతూ.